గుంటూరు జిల్లా అని వెతికితే దొరకని దస్తావేజు

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. బాపట్ల, రేపల్లె అందులోకి వెళ్లాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. దగ్గరదగ్గరగా ఉన్న మూడు ఊళ్లను రెండు జిల్లాలు పంచుకున్నట్టయింది. దస్తావేజు లేఖరులకూ డీటీపీ సెంటర్ల వాళ్లకూ దాంతో ఒక పని పడింది. ఏళ్ల తరబడి కంప్యూటర్లో దాచుకున్న నమూనా పత్రాల్లో, లెటర్‌హెడ్లలో, రసీదు పుస్తకాల్లో ‘గుంటూరు జిల్లా’ అని ఉన్నచోట ‘బాపట్ల జిల్లా’ అని మార్చాలి. చూడబోతే చిటికెలో అయ్యే పని. గుంటూరు అని కొట్టి వెతికితే ఫైళ్లన్నీ వరసగా రావాలి. అలా రాలేదు. ఒక్కో ఫైలు తెరిచి, కళ్లతో చదివి, చేత్తో దిద్దాల్సి వచ్చింది.

నాకు కంప్యూటర్లంటే ఇష్టం. తెలిసినవాళ్ల దుకాణాల్లో మొరాయించిన మెషిన్లు చూసిపెడుతుంటాను. లోపలి పాఠం అందరికీ తెరిచి పెట్టిన ఓపెన్ సోర్సు మంచిదా, డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ మంచిదా అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ పనే. ఆ ప్రశ్నలో ధర చిన్న భాగం. మనం రాసుకున్నది రేపు మన చేతిలో ఉంటుందా, ఉండదా అన్నదే పెద్ద భాగం.

ఆ ఫైళ్లలో గుంటూరు ఎందుకు దొరకలేదో చూద్దాం. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. పాత పద్ధతిలో ఒక ఫాంటులో 256 గళ్లకు మించి ఉండేవి కావు. వాటిలో మొదటి సగం ఇంగ్లిషు అక్షరాలకూ అంకెలకూ పోయేది. గుణింతాలు, వత్తులు, తలకట్లు కలిపి చూస్తే తెలుగుకు వందల ఆకారాలు కావాలి. అందుకని డీటీపీ ఫాంట్లు తయారుచేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ముక్కలను ఇంగ్లిషు అక్షరాల గళ్లలోనే సర్దారు. తెర మీద మనకు కనిపించేది గుంటూరు. ఫైల్లో ఉన్నది మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల వరస. ఫాంటు ఉన్న మెషిన్‌లో అది తెలుగు. లేని మెషిన్‌లో గజిబిజి. ఒక కంపెనీ సర్దిన గళ్లు ఇంకో కంపెనీ గళ్లతో కలవవు కూడా.

ఇందులో ఎవరి కుట్రా లేదు. తొంభైలలో ఆపరేటింగ్ సిస్టమ్‌లకు తెలుగు వచ్చేది కాదు. విండోస్‌లో తెలుగు గౌతమి ఫాంటుతో పాటు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అప్పటిదాకా ‘అను’ అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ కలిసి తెలుగు అచ్చుపనిని మోశాయి. పెళ్లి శుభలేఖల నుంచి కరపత్రాల దాకా చాలావరకు ఆ జంట చేతుల మీదుగానే వెళ్లాయి. ఊళ్లో కుర్రాళ్లు నెల రోజుల్లో ఆ కీబోర్డు నేర్చుకుని ఉపాధి సంపాదించుకున్నారు. ఖాళీగా ఉన్న చోట ఒక వ్యాపార సంస్థ పూనుకుని పని జరిపించింది. దానికి తీసుకున్న డబ్బు న్యాయమైనదే. ఇబ్బంది వేరే చోట ఉంది. ఆ గళ్ల పట్టిక అందరిదీ కాదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకు నడపలేదు. అయినా ఇప్పటికీ కొన్ని దుకాణాల్లో ఇంటర్నెట్ తీసేసిన ఒక పాత మెషిన్ కేవలం దానికోసమే బతికి ఉంది.

యూనికోడ్ ఈ ముడి విప్పింది. అది ప్రోగ్రామ్ కాదు, ఒక ఒప్పందం. ప్రపంచంలోని లిపులన్నిటికీ అక్షరానికొక అంకె. 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. భారతదేశం అంతకుముందే తయారుచేసుకున్న ఇస్కీ ప్రమాణం అమరికే దానికి ఆధారం. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు ఇచ్చారు. త అంటే 3108, ల అంటే 3122, పొల్లు అంటే 3149. తెనాలిలోనైనా టొరంటోలోనైనా, ఏ ఫాంటులోనైనా ఇవే అంకెలు. ఇలా కొట్టిన పత్రంలో గుంటూరును వెతికితే దొరుకుతుంది, మార్చమంటే మారుతుంది.

ముక్కలు కాకుండా అక్షరాలు మాత్రమే దాచడం వల్ల ఇంకో పని పుట్టింది. ‘రేపల్లె’ అని కొట్టండి. లోపల చేరేవి ఏడు అంకెలు: ర, ఏత్వం, ప, ల, పొల్లు, ల, చివర ఎత్వం. తెర మీదికి వచ్చేసరికి రెండో ల వత్తుగా మారి కిందికి జారాలి. అన్నిటికన్నా చివర కొట్టిన ఎత్వం వెనక్కి వెళ్లి మొదటి ల నెత్తిన కూర్చోవాలి. బాపట్లలో ల-వత్తు ట కిందికి చేరాలి. ఈ సర్దుబాటు చేసే ప్రోగ్రామ్‌ను షేపింగ్ ఇంజిన్ అంటారు. తెలుగు సరిగ్గా కనిపిస్తోందంటే దాని వెనక ఈ ఇంజిన్ ఉన్నట్టే.

అది తప్పు చేస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఐఫోన్‌కు ఒక తెలుగు అక్షరం పంపితే ఫోను కుప్పకూలేది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరస చాలు. ఆ విడదీత గుర్తు మనం రోజూ వాడేదే. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ వత్తుగా పడకుండా ఆపేది అదే. దాన్ని ‘జ్ఞా’ మధ్యలో పెట్టేసరికి ఆపిల్ వారి షేపింగ్ ప్రోగ్రామ్ దారి తప్పింది. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. త్వరగానే చేసింది, మెచ్చుకోవాలి. కానీ ఆ కొద్ది రోజులూ తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లెవరూ ఆ లోపలికి చూసి చెయ్యి వేయలేకపోయారు. సోర్సు కోడ్, అంటే మనుషులు చదవగలిగేలా రాసిన ప్రోగ్రామ్ పాఠం, ఆపిల్ దగ్గరే ఉంది. మన చేతిలో ఉన్నది యంత్రానికి మాత్రమే తెలిసే రూపం.

హార్ఫ్‌బజ్ అనే ఇంకో షేపింగ్ ఇంజిన్ కథ దీనికి భిన్నం. దాని కోడ్ మొత్తం బహిరంగం. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహదాద్ ఎస్ఫహ్‌బద్ దాన్ని ముందుండి నడిపించాడు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ తెలుగును సర్దేది దాంతోనే. బాపట్లలో ఆండ్రాయిడ్ ఫోను పట్టుకున్నవారెవరైనా, ఓపెన్ సోర్సు మాట విన్నా వినకపోయినా, దాన్ని వాడుతున్నట్టే. అంతకన్నా విశేషం, అడోబీ కూడా ఇన్‌డిజైన్‌లో, ఫొటోషాప్‌లో హార్ఫ్‌బజ్‌నే పెట్టుకుంది. కొనే సాఫ్ట్‌వేర్ కడుపులో ఉచితంగా దొరికే ఇంజిన్! దాన్ని రాసినవారు ఊరికే రాయలేదు కూడా. బెహదాద్ రెడ్ హ్యాట్‌లో, గూగుల్‌లో జీతం తీసుకుంటూనే ఆ పని చేశాడు. ఓపెన్ సోర్సును, కొనే సాఫ్ట్‌వేర్‌ను రెండు శిబిరాలుగా విడగొట్టి మాట్లాడేవాళ్లు ఈ సంగతి తప్పక చూడాలి.

అడోబీకి అది ఎలా కుదిరిందంటే లైసెన్సు వల్ల. ఓపెన్ సోర్సు లైసెన్సులు అన్నీ ఒకటి కావు. హార్ఫ్‌బజ్‌ది సడలింపు లైసెన్సు. పేరు చెప్పి, ఎక్కడైనా వాడుకోవచ్చు, మూసిన ప్రోగ్రామ్‌లోనైనా సరే. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలుపెట్టి, 1989లో తెచ్చిన జీపీఎల్ లైసెన్సు అలా ఒప్పుకోదు. వాడు, చదువు, మార్చు, పంచు, నాలుగు హక్కులూ నీవే అంటుంది. మార్చినదాన్ని ఇతరులకు ఇస్తే మాత్రం ఆ హక్కులన్నీ వారికీ ఇవ్వాలంటుంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అంటే కెర్నెల్, ఈ షరతు మీదే పెరిగింది. నా మనసు జీపీఎల్ వైపు మొగ్గుతుంది. అందరూ కలిసి పెంచినదాన్ని ఒకరు తలుపేసుకుని దాచుకోకుండా చూసేది అదే.

తెరిచి పెట్టినంత మాత్రాన భద్రం అనుకోవడం పొరపాటు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో దొంగదారి బయటపడింది. లినక్స్ సర్వర్లలో ఫైళ్లను కుదించడానికి వాడే పనిముట్టు అది. దాన్ని ఏళ్లుగా ఒంటరిగా చూసుకుంటున్న నిర్వాహకుడు అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానంటూ వచ్చిన ఒక ముక్కూ మొహం తెలియని వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, ఆ తర్వాత కోడ్‌లో దొంగదారి కలిపాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, తవ్వి, దాన్ని పట్టుకున్నాడు. కోడ్ బహిరంగంగా ఉండబట్టే తవ్వగలిగాడు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. ఉచితంగా దొరికే ప్రోగ్రామ్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషికి ఎవరో ఒకరు జీతం ఇవ్వాల్సిందేనని ఈ ఘటన గట్టిగా చెప్పింది.

మళ్లీ మన ఊళ్లకొద్దాం. ఇక్కడ ఓపెన్ సోర్సుకు నిజమైన పోటీ కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ నుంచి రావడం లేదు, క్రాక్ చేసిన కాపీ నుంచి వస్తోంది. పెన్‌డ్రైవ్‌లో ఆఫీసు, ఫొటోషాప్ వచ్చేస్తుంటే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ నేర్చుకోవడం ఎందుకనుకుంటారు. ఆ క్రాక్‌తో పాటు వైరస్ వస్తుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి, ఒక రోజు జనం దస్తావేజులున్న హార్డ్‌డిస్క్ తాళం పడి డబ్బు కట్టమంటుంది. ఇందులో తయారుచేసినవాడి కష్టానికి విలువ లేదు, వాడేవాడికి హక్కూ లేదు. అప్‌డేట్లు ఆగిపోవడం క్రాక్ కాపీలకే కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పట్టని పాత మెషిన్లు దుకాణాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే టైపింగ్‌కూ, నెట్‌కూ, ప్రింటుకూ ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తాయి.

కొనాల్సినవి కొనాలనే చెబుతాను. తెనాలిలో టోకు వ్యాపారికి లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రామ్ మానెయ్యమని నేను చెప్పను. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక నిబంధనలు మారినప్పుడల్లా ప్రోగ్రామ్ మారాలి. తప్పొస్తే అడగడానికి మనిషి ఉండాలి. ఆడిటర్‌కు ఆ ఫైలు అర్థం కావాలి. ఈ మూడూ డబ్బు పెట్టి కొనదగ్గవే. కొనేముందు నేను అడగమనే ప్రశ్న ఒకటే: నా లెక్కలన్నీ మామూలు ఎక్సెల్ ఫైలుగా ఎప్పుడంటే అప్పుడు బయటికి తీసుకోవచ్చా? ట్యాలీలో తీసుకోవచ్చు. తీసుకోనివ్వని ప్రోగ్రామ్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

అచ్చుపనిలో ఇప్పుడు దారులు బాగున్నాయి. ఇన్‌డిజైన్‌కు నెలనెలా కట్టగలిగినవారికి అందులో యూనికోడ్ తెలుగు కుదురుగా వస్తుంది. కట్టలేనివారికి స్క్రైబస్ అనే ఓపెన్ సోర్సు ప్రోగ్రామ్ ఉంది. 2024 మొదట్లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి వత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుకుంటున్నాయి. లోపల పనిచేసేది మళ్లీ హార్ఫ్‌బజ్జే. పేజ్‌మేకర్‌కు అలవాటుపడిన వేళ్లకు మొదటి వారం కష్టంగానే ఉంటుంది. ఫాంట్ల కొరత తీరడానికి సిలికానాంధ్ర సంస్థ పెద్ద సాయం చేసింది. మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గిడుగు వంటివాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. వాటిలో ఒకదాని పేరు తెనాలి రామకృష్ణ. 2013లో దర్భా అప్పాజీ అంబరీష రూపొందించిన ఆ ఫాంటు శీర్షికలకూ శుభలేఖలకూ బాగుంటుంది. దాంతో వేసిన కార్డులు అమ్ముకోవచ్చు, వత్తు నచ్చకపోతే దిద్దుకోవచ్చు, పక్క ప్రెస్సుకు ఇవ్వచ్చు. ఫాంటును మాత్రం ఒంటరిగా, విడిగా అమ్మకూడదు.

మిగిలింది పాత నిల్వ. పాత ఫాంట్లలోని పత్రాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ మూడేసి హల్లులు కలిసిన చోట, అంటే వరసగా రెండు వత్తులు వచ్చిన చోట తడబడతాయి. కారణం ముక్కల వరసే. పాత ఫైల్లో ముక్కలు కంటికి కనిపించే క్రమంలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే క్రమంలో ఉండాలి. ఏ ముక్క తర్వాత ఏది వస్తే ఏ అక్షరమవుతుందో చెప్పే పట్టిక, దాన్ని తిరగరాసే కొద్దిపాటి పైథాన్ ప్రోగ్రామ్, ఇది ఒక సెమిస్టర్‌లో అయ్యే ప్రాజెక్టు. బాపట్లలో 1981 నుంచి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. విద్యార్థులు ఆ పట్టికను జీపీఎల్ కింద బయట పెడితే, రేపల్లెలో లేఖరికి తగిలిన తప్పును తెనాలిలో ఆపరేటర్ దిద్దగలడు, ఆ దిద్దుబాటు మూడు ఊళ్లకూ అందుతుంది. పరీక్షకు మాత్రం ఖాళీ నమూనాలే వాడాలి. నిజం దస్తావేజుల్లో మనుషుల పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు ఉంటాయి.