స్విచ్చి మన గోడ మీద... పెత్తనం ఎవరి చేతిలో?

పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని, అలాగే ఓ బల్బు కూడా తీసుకుందామని ఎలక్ట్రికల్ కొట్టు మెట్లెక్కితే ఒకప్పుడు పని రెండు నిమిషాల్లో అయిపోయేది. కొట్టతను బల్బుని సాకెట్‌లో పెట్టి వెలిగించి చూపించేవాడు. వెలిగితే డబ్బులిచ్చి సంచిలో వేసుకునేవాళ్ళం. ఇప్పుడో? ‘ఫోను తియ్యండమ్మా, యాప్ వేస్తాను’ అంటున్నాడు! ఫోన్ నెంబరు, మెయిలు, పాస్‌వర్డు, ఓటీపీ... బల్బుకి కూడా బ్యాంకు ఖాతాకున్నంత తతంగం.

వీటినే స్మార్ట్ బల్బులంటున్నారు. మామూలు ఎల్‌ఈడీ బల్బులోనే ఒక చిన్న వైఫై పరికరం ఉంటుంది. రంగు మార్చుకోవచ్చు, వెలుగు తగ్గించుకోవచ్చు, సాయంత్రం ఆరింటికి వాటంతటవే వెలిగేలా పెట్టుకోవచ్చు. ఉద్యోగం నుంచి చీకటిపడ్డాక వచ్చే ఆడపిల్లకి గేటు తీసేసరికి వరండాలో లైటు వెలుగుతూ ఉంటే ఎంత ధైర్యం! మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మంచం మీంచి లేవకుండా లైటు ఆర్పుకోవడం చిన్న సుఖమేం కాదు. కాబట్టి ఇవి దండగని నేననను.

అయితే చాలా రకాల్లో, ఫోన్‌లో మీరు బొత్తాం నొక్కగానే ఆ కబురు నేరుగా బల్బుకి పోదు. ముందు ఇంటర్నెట్ మీదుగా కంపెనీవారి కంప్యూటర్లకి వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగి మీ హాల్లోకి రావాలి. పక్క గదిలో ఉన్న ఆడపడుచుకి ఢిల్లీ మీదుగా ఉత్తరం రాసినట్టు! మధ్యలో ఏ ఒక్కటి ఆగినా యాప్ మూగబోతుంది. 2025 అక్టోబర్ 20న అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్‌వారి కంప్యూటర్ కేంద్రంలో లోపం వస్తే, అలెక్సాతో లైట్లు వేసుకునే ఎన్నో ఇళ్ళలో అది పలకలేదు.

మా వీధిలో ఓ పెద్దావిడ ఉన్నారు. నేను పిన్నిగారూ అంటాను. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. కిందటిసారి వచ్చినప్పుడు అమ్మ కష్టపడకూడదని ఇల్లంతా ఈ బల్బులే పెట్టించి వెళ్ళాడు. ప్రేమతోనే చేశాడు, కాదనలేం. కానీ ఖాతా అతని పేరున, ఓటీపీ అతని ఫోన్‌కి. ఓ రాత్రి కరెంటు పోయి రెండింటికి వచ్చింది. అంతే... ఇంట్లో బల్బులన్నీ ఒక్కసారిగా పెళ్ళిపందిరిలా వెలిగాయి! ఆవిడ ఉలిక్కిపడి లేచి, గోడ మీది స్విచ్చిలన్నీ కట్టేశారు. స్విచ్చి కడితే బల్బుకి కరెంటుండదు, ఇక యాప్‌కి అందదు. మర్నాడు సాయంత్రం దేవుడి గదిలో లైటు వెలగలేదు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తలేదు. మనకి రాత్రి ఏడైతే వాళ్ళకి పొద్దున్న, ఆఫీసు హడావుడి. తరవాత కోడలు చెప్పిందట, ‘అత్తయ్యా, స్విచ్చిలు ముట్టుకోకండి’ అని. పనమ్మాయి కట్టేయకుండా వాటికి ప్లాస్టర్ అంటించారు.

‘ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో దీపం పెడుతున్నదాన్ని. ఇప్పుడు స్విచ్చి ముట్టుకోవాలంటే డల్లాస్‌ని అడగాలేటమ్మా?’ అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు గానీ, నాకు నవ్వు రాలేదు.

అమెరికా దాకా ఎందుకు? యాప్ భర్త ఫోన్‌లో మాత్రమే ఉన్న ఇళ్ళెన్ని లేవు! ఆయన షిఫ్టులో ఉంటే ఫోను ఎత్తడు. ఇంట్లో ఉన్న మనిషికి లేని అధికారం ఊళ్ళో తిరిగే ఫోన్‌కి ఉండడమేమిటో!

ఇక కంపెనీ సంగతి. 2014లో గూగుల్‌వారి నెస్ట్ సంస్థ రివాల్వ్ అనే కంపెనీని కొంది. లైట్లనీ ఇతర పరికరాలనీ కలిపి నడిపే పెట్టె అది, ఖరీదు 300 డాలర్లు. 2016 మే 15న దాని సేవలు ఆపేశారు. పెట్టె చెడిపోలేదు, కానీ దేనికీ పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే సంస్థ ముందుగా చెప్పాపెట్టకుండా తన కంప్యూటర్లు కట్టేసింది. చివరికి ఆ పరికరాలు వాడేవాళ్ళే కొందరు చేరి, ఆ ఏడాది జూన్‌లో దాన్ని కొనుక్కుని నిలబెట్టుకోవలసి వచ్చింది. బెల్కిన్ కంపెనీ తన వీమో పరికరాల్లో చాలావాటికి 2026 జనవరి 31తో సేవలు ఆపేస్తున్నట్టు 2025 జూలైలో ప్రకటించింది. మన అత్తగార్ల నాటి ఇత్తడి దీపపు కుందెలు ఇంకా అటకమీద ఉన్నాయి మరి!

విశాఖవాళ్ళకి హుద్‌హుద్ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12 తరవాత కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఆ కాసేపైనా స్విచ్చి నొక్కి లైటు వేసుకున్నారు. అలాంటి రోజు మళ్ళీ వస్తే స్మార్ట్ బల్బు కూడా గోడ స్విచ్చితో వెలుగుతుంది, భయం లేదు. కాకపోతే అప్పుడది మామూలు బల్బే. గోడ స్విచ్చే తీసేసి, అంతా ఫోనుకి అప్పగించిన వాళ్ళకే చిక్కు. కొత్త ఫ్లాట్ల అలంకరణలో ఈ వేషాలు కూడా మొదలయ్యాయి కనక చెబుతున్నాను.

కొనేముందు కొట్లోనే ఒక పరీక్ష పెట్టండి. బల్బు యాప్‌కి కలిపాక, వైఫై ఉంచి ఇంటర్నెట్ ఒక్కటీ తీసేయమనండి. అప్పుడూ యాప్‌తో వెలిగి ఆరితే అది ఇంట్లోనే పనిచేసే రకం. పెట్టె మీద ‘మ్యాటర్’ అన్న గుర్తుంటే కొంత నయం. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి, ఇంట్లోనే మాట్లాడుకునేలా 2022 అక్టోబర్‌లో వచ్చిన ఉమ్మడి పద్ధతి అది.

బల్బుకి బదులు స్విచ్చిబోర్డు వెనక అమర్చే స్మార్ట్ పరికరం నాకు ఎక్కువ నచ్చింది. గోడ స్విచ్చి ఎప్పట్లాగే పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. చాలావాటికి బోర్డులో న్యూట్రల్ తీగ కావాలి, పాత ఇళ్ళలో అది ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. పిన్నిగారింట్లో హాలుకీ దేవుడి గదికీ ఇవే పెట్టించి, ప్లాస్టర్ పీకించాం.

ఇప్పటికే బల్బులు కొనేసినవాళ్ళు యాప్‌లో ‘కరెంటు వచ్చాక ఎలా ఉండాలి’ అన్న అమరిక వెతకండి. ‘ఇంతకుముందున్నట్టే’ అని పెడితే అర్ధరాత్రి జాతర తప్పుతుంది. రౌటర్ మార్చినప్పుడు పాత వైఫై పేరూ పాస్‌వర్డూ అవే ఉంచితే బల్బులు సాధారణంగా వాటంతటవే కలుస్తాయి. ఖాతా మాత్రం ఇంట్లో ఉండే మనిషి నెంబరు మీదే తెరవండి. దూరాన ఉన్న కొడుకుకో కూతురికో అందులోంచి వాటా ఇవ్వొచ్చు, చాలా యాప్‌లలో ఆ వీలుంది. పాస్‌వర్డు గ్యాస్ పుస్తకం వెనక అట్ట మీద రాసి పెట్టుకోండి.