నంద్యాల కసువు: పొలానికా, సిమెంటు బట్టీకా?

జనాభా 2 లక్షలకు పైబడి 5 లక్షల లోపున్న పట్టణంలో మనిషికి రోజుకు 300 నుంచి 350 గ్రాముల చెత్త పోగవుతుందని కేంద్ర ప్రభుత్వ ఘన వ్యర్థాల మాన్యువల్ లెక్కగట్టింది. నంద్యాల 2011 జనాభా లెక్కల నాటికే 2 లక్షలు దాటింది. ఆ లెక్కన తక్కువలో తక్కువ రోజుకు 60 టన్నులు. ట్రాక్టరు ట్రాలీకి రెండు టన్నులు వేసుకున్నా ముప్పై లోడ్లు. ఆదివారమని, పండగని ఆగేది కాదు. నంద్యాల జిల్లాలోనే ఉన్న ఆళ్లగడ్డ అందులో ఏ మూలకూ రాదు గానీ, చిన్న ఊరి చిక్కులు దానికున్నాయి.

రాయలసీమలో చెత్తను కసువు అంటారు. బరువులో సగం దాకా తడిదే ఉంటుంది: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పిప్పి, ఎంగిలాకులు, మార్కెట్లో కుళ్లిన టమాటాలు. తక్కినది పాల పాకెట్లు, అట్టపెట్టెలు, గుడ్డపీలికలు, సీసాలు, ఊడ్చిన మట్టి. విడివిడిగా చూస్తే ఇందులో దేనికీ పనికిరానిది కొంచెమే. నంద్యాల, ఆళ్లగడ్డల చుట్టూ కేసీ కాలువ కింద సాగయ్యే పొలాలున్నాయి; వాటికి సేంద్రియ ఎరువు కావాలి. జిల్లాలోనే బిలకలగూడూరులో జేఎస్‌డబ్ల్యూ, కలవటాలలో రామ్‌కో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి; వాటి బట్టీలకు ఇంధనం కావాలి. తడిది పొలానికి, పొడిది బట్టీకి పోతే తీరిపోయే లెక్క ఇది. రెండూ ఒకే బకెట్లో పడితేనే తప్పుతుంది.

తడి చెత్తను వరుస కుప్పలుగా పోసి వారానికోసారి తిరగేస్తారు. సూక్ష్మజీవుల పనికి కొద్ది రోజుల్లోనే కుప్ప లోపల వేడి 55, 60 డిగ్రీలకు చేరుతుంది. చలికాలం పొద్దున్నే పారతో కదిపితే ఆవిరి లేస్తుంది. ఆ వేడికే కలుపు గింజలు, రోగక్రిములు చస్తాయి. పిడికిట పట్టి పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి, నీళ్లు మాత్రం కారకూడదు. తేమకు అదే కొలత. వేసవిలో 45 డిగ్రీల ఎండ చూసే నంద్యాలలో కుప్ప కుళ్లకముందే ఎండిపోతుంది కాబట్టి నీళ్లు చల్లుతూనే ఉండాలి. ఐదారు వారాలకు ఉడుకు తగ్గాక, ఇంకొన్ని వారాలు మాగనిచ్చి జల్లెడ పడతారు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు. పాత బ్యాటరీలు కుప్పలో పడితే ఆ హద్దు దాటడం పెద్ద పని కాదు. రైతు ల్యాబు రిపోర్టు అడగడు, గుప్పెడు తీసి చూస్తాడు. గాజుపెంకో బ్లేడు ముక్కో కనబడిందంటే మళ్లీ ఆ ఎరువు ముఖం చూడడు. మడిలో దిగేది వట్టి కాళ్లతో కదా.

పొడి చెత్తలో ధర పలికే ఇనుము, అట్ట, గట్టి ప్లాస్టిక్ అంతా చిత్తుకాగితాలు ఏరేవాళ్ల సంచుల్లోంచి గుజిరీ కొట్టుకు చేరుతుంది. వాళ్లు తగ్గించే బరువు ఏ మున్సిపల్ పద్దులోనూ జీతంగా కనబడదు. చివరికి మిగిలేవి చిప్స్ పాకెట్లు, చిరిగిన కవర్లు, గుడ్డలు. వీటిని తునకలు చేసి ఆరబెడితే ఆర్‌డీఎఫ్ అనే ఇంధనం అవుతుంది. సిమెంటు బట్టీ 1,400 డిగ్రీలకు పైనే మండుతుంది. బూడిద కూడా సిమెంటుగా మారే క్లింకరులోనే కలిసిపోతుంది. అయితే తేమ 20 శాతం లోపు ఉండాలి. సాంబారు అన్నం అంటిన కవరు అందుకు పనికిరాదు. ఆర్‌డీఎఫ్ ప్లాంటుకు 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దీన్నే వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన కొత్త నిబంధనలు దాన్ని ఆరేళ్లలో 15 శాతానికి పెంచమంటున్నాయి.

ఇక గడప దగ్గరి సంగతి. 2021 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం ‘క్లాప్’ పథకం మొదలుపెట్టి ఇళ్లకు తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైన చెత్తకు ఎరుపు బుట్టలిచ్చింది. వసూలు చేసిన రుసుముకు ‘చెత్త పన్ను’ అని పేరు పడింది. 2024లో దాన్ని రద్దు చేశారు. బుట్టల రంగులకన్నా జనానికి ఆ పన్నే ఎక్కువ గుర్తుండిపోయింది. ఇంటావిడ ఓపికగా రెండుగా తెచ్చిచ్చినా, వచ్చిన బండికి అరలు లేకపోతే ఆమె కళ్లముందే రెండూ ఒకటవుతాయి. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఎవరూ వేరు చెయ్యరు.

ఆళ్లగడ్డ లాంటి ఊళ్లో రోజుకు వచ్చే కొద్ది టన్నులకు పెద్ద యంత్రాలు గిట్టవు. అక్కడ తడిది ఊళ్లోనే ఎరువు చేసి, పొడిది మాత్రం కట్టలు కట్టి పెద్ద కేంద్రానికి పంపడమే తెలివి. తడి చెత్తను లారీకెక్కించడమంటే డీజిలు పోసి నీళ్లు మొయ్యడమే. అహోబిలం యాత్రికులు ఈ దారినే వస్తారు కాబట్టి ఉత్సవాలప్పుడు నీళ్లసీసాలు, ప్లేట్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆళ్లగడ్డకు పేరు తెచ్చిన శిల్పశాలల రాతి పెచ్చులు, పొడి ఈ బండ్లలో పడకూడదు. కంపోస్టుకు వాటివల్ల బరువు పెరుగుతుందే గానీ సారం రాదు. గుంతలు పూడ్చడానికైతే బాగా పనికొస్తాయి.

కలిసిపోయిన చెత్త డంపింగ్ యార్డులో గాలాడక కుళ్లి మీథేన్ వదులుతుంది, వేసవిలో అంటుకుంటే లోలోపల రోజుల తరబడి రాజుతుంది. వానకు నల్లటి ఊట నేలలోకి దిగుతుంది. వాగుల్లో పడ్డ కవర్లు కుందూ నదిలోకి, అక్కణ్ణుంచి పెన్నకు పోతాయి. రాష్ట్రంలో ఇలా పేరుకున్న పాత చెత్త 85 లక్షల టన్నులని 2024లో ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆళ్లగడ్డ నుంచి కడప దారిలో ఉన్న మైదుకూరులో 2025 జనవరి 18న ముఖ్యమంత్రి ప్రారంభించిన ‘స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర’ కార్యక్రమం నెలకో శనివారం పారిశుద్ధ్యానికి కేటాయించింది. పాత గుట్టల్ని తవ్వి, ఆరబెట్టి, ట్రామెల్ అనే తిరిగే జల్లెడలో పోస్తారు. పైన నిలిచిన ప్లాస్టిక్, గుడ్డలు బట్టీకి పోతాయి. కిందికి దిగిన నల్లమట్టి చూపుకు ఎరువులాగే ఉంటుంది. అయినా గాజునుసి, లోహాలు అందులో ఉంటాయి కాబట్టి దాన్ని పల్లపు నేలలు నింపడానికే ఎక్కువగా వాడతారు.