మందులు కొట్టని పొలంలో కుక్కకు విషం ఎక్కడి నుంచి వచ్చింది?



ఈసారి వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. మా ఎర్రోడి గురించి చెప్పాను. ఎర్రోడు అంటే మా బాయి కాడ ఉండే కుక్క. వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం, అందులో చెప్పడం మరిచిన నాలుగు విషయాలు కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. కుక్క గురించి ఇంత రాతా అనుకోకండి. తప్పు నాది, అదే తప్పు మీలో చాలామంది కొట్టంలో బస్తా రూపంలో ఇప్పుడు కూడా ఉండి ఉంటుంది.

మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం. పాకాల అడవి దగ్గర. అడవి పందులు, కోతులు రెండూ ఉన్నాయి కాబట్టి కుక్క లేకుండా మక్క చేను కాపాడుకోవడం అయ్యే పని కాదు. నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి, కొన్నాళ్ళు ఎరువుల కంపెనీలో తిరిగి, చివరికి సేద్యానికే వచ్చాను. దాంతోపాటు ఒక చిన్న గానుగ పెట్టుకున్నాను. పల్లి, నువ్వుల నూనె ఎక్కువ. అడిగినవాళ్ళకు ఆముదం కూడా ఆడిస్తాను. మిగిలిన చెక్కను 25 కిలోల బస్తాల్లో సేంద్రియ ఎరువుగా అమ్మేవాణ్ణి.

ఆముదం చెక్క మంచి ఎరువు, అందులో అనుమానం లేదు. నత్రజని 4 శాతం పైనే ఉంటుందని మాకు డిప్లొమాలోనే చెప్పారు. చెదలు, నులిపురుగులు కూడా తగ్గుతాయని మిర్చి రైతులు ఇష్టంగా వాడతారు. బయటి ఎరువు ఏదీ వద్దనే పాలేకర్ గారి పద్ధతిని పూర్తిగా పాటించేవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. నేను మాత్రం మిర్చికి చెక్క వేస్తాను.

రెండేండ్ల కింద మిర్చి నాట్లకు ముందు అలాగే వేశాను. ఆ ఏడు కొత్తగా ఒక తెలివి చూపించాను. చెక్కలో ఎండు చేపల పొడి కలిపాను. భాస్వరం, కాల్షియం అన్నీ ఒకేసారి అందుతాయని లెక్క. సాయంత్రం సాళ్ళ వెంట చల్లాను. చీకటి పడింది, మట్టి కప్పే పని పొద్దున చూద్దాంలే అని ఇంటికి వచ్చేశాను. మిగిలిన అర బస్తా మూతి కట్టకుండా కొట్టంలోనే ఉంది.

పొద్దున్నే ఎర్రోడు రెండుసార్లు కక్కాడు. కుక్కలు గడ్డి తిని కక్కుతుంటాయి కదా, పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి తోక ఊపడం లేదు, కడుపు ముట్టుకుంటే మూలుగుతున్నాడు. పాము కరిచిందేమో అని ఒళ్ళంతా వెతికాను. కాటు లేదు. కాసిన్ని మజ్జిగ పోశాను. సాయంత్రానికి విరేచనాల్లో నెత్తురు కనిపించింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది పక్క చేను కాక. వరసకు కాక అవుతాడు, సొంత చుట్టం కాదు. పత్తికి వారానికో మందు కొడతాడు, ఖాళీ డబ్బాలు గెట్టు మీదే పారేస్తాడు. ఆ డబ్బాల గురించి మా ఇద్దరికీ చాలాసార్లు గొడవ అయింది. ఉన్నపళాన వాళ్ళ చేనుకు పోయి అరిచాను. "ఏం మందు పెట్టినవ్ కాకా? నా కుక్క సావవట్టె."

ఆయన కోపం చేయలేదు. "నేనేం పెట్టలే బిడ్డా. మా టైగర్‌గాడు గూడ పొద్దటి సంది లేస్తలేడు. నువ్వే ఏమన్న పెట్టినవేమో అనుకుంటున్న" అన్నాడు.

రెండు కుక్కలనూ ఒకే ఆటోలో వేసుకుని పోయాం. డాక్టరు గారు మొదట అడిగింది, "ఏం తిన్నాయి?" ఏం తినలేదు, మాది ఆర్గానిక్ పొలం సార్, విషం అనేదే ఉండదు అన్నాను. ఆయన మూడుసార్లు అదే అడిగారు. రెండు ఇళ్ళ కుక్కలు ఒకే పూట పడిపోయాయంటే రెండూ ఒకేచోట ఏదో తిన్నాయి, బాగా ఆలోచించండి అన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ కొట్టంలోకి పోయి చూసి చెప్పింది, "చెక్క బస్తా కింద పడి ఉంది. చుట్టూరా కుక్క అడుగులే."

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకోవాలి. ఆముదం గింజలో రిసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ప్రపంచంలో ఉన్న గట్టి విషాల్లో అదొకటి. 1978లో లండన్‌లో బల్గేరియా రచయిత మార్కోవ్‌ను గొడుగు మొనతో పొడిచి చంపారని చెప్పుకునే కథలో వాడింది ఇదే. రిసిన్ నీళ్ళలో కరుగుతుంది, నూనెలో కరగదు. అందుకే ఆముదం తలకు రాసుకున్నా మనకేం కాదు. గింజలోని విషమంతా చెక్కలోనే మిగిలిపోతుంది. పూర్తి గింజ నమలకుండా మింగితే ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది. చెక్క అంటే గింజను ముందే నలిపి పెట్టినట్టు. పొట్టలోకి పోగానే విషం విడిపోతుంది.

రిసిన్ కణాల్లో ప్రొటీన్ తయారవకుండా ఆపేస్తుంది. అందుకే తిన్న వెంటనే ఏమీ కనిపించదు. మామూలుగా 6 గంటల తర్వాత, ఒక్కోసారి రోజు దాటాక వాంతులు మొదలవుతాయి. అప్పటికి ఏం తిన్నదో మనం మరిచిపోతాం. దీనికి విరుగుడు మందు లేదు. తిన్న కొద్దిసేపటికే తీసుకుపోతే డాక్టరు వాంతి చేయించి బొగ్గు మందు పట్టిస్తారు. ఆలస్యమైతే సెలైన్ ఎక్కించి, పేగులు కాపాడే మందులిచ్చి ఎదురుచూడటమే. కొరియాలో, బ్రెజిల్‌లో ఇలాగే ఎరువుగా వేసిన ఆముదం చెక్క తిని కుక్కలు చనిపోయిన సంగతి పశువైద్యులు రాశారు. నేను చదివింది అంతా అయిపోయాక.

ఇందులో నాకు బాగా గుచ్చుకున్నది ఇంకొకటి ఉంది. రిసిన్ తడి వేడికి చస్తుంది. పెద్ద ఆయిల్ మిల్లుల్లో ఆవిరి తగిలి విషం చాలావరకు తగ్గుతుంది, అది కూడా పూర్తిగా పోతుందని నమ్మకూడదు. మరి మన గానుగ? నూనె వేడెక్కదు అని మనం బోర్డు మీద గొప్పగా రాసుకుంటాం. వేడెక్కలేదంటే చెక్కలో విషం కూడా చెక్కుచెదరలేదన్నమాట. ఎండలో ఆరబెట్టినా పోదు. మా అవ్వ ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళు పోసి పొయ్యి మీద గంటలకొద్దీ వండి నూనె తీసేది. అంత ఉడికిన మడ్డిని కూడా ఆమె పెంటకుప్పలో లోపలికి పూడ్చిపెట్టేది, పైన పారేసేది కాదు. ఎందుకవ్వా అని నేను ఎన్నడూ అడగలేదు.

టైగర్ మూడో రోజు చనిపోయాడు. ఎర్రోడు తొందరగా కక్కేశాడు, అందుకో లేక తక్కువ తిన్నాడో, నాలుగు రోజులు సెలైన్ ఎక్కాక బతికాడు.

కాకకు అసలు సంగతి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. వినీ చాలాసేపు ఏం మాట్లాడలేదు. "మందు కొట్టేది నేను, సంపింది నువ్వు" అన్నాడు. ఆ మాట అని లోపలికి పోయాడు.

ఆ రోజే బస్తాలు కొన్న రైతులకు వరసగా ఫోన్లు చేశాను. ఒకాయన, "మా కుక్క పోయిన నెల పోయింది తమ్మీ, పాము అనుకున్నం" అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఆముదం చెక్కలో చేపల పొడి, ఎముకల పొడి, బెల్లం లాంటి వాసన వచ్చేది ఏదీ కలపను. చల్లిన గంటలోనే మట్టి కప్పేస్తాను, కప్పే మనిషి లేని రోజు చల్లను. మిగిలింది మూత ఉన్న డ్రమ్ములో పెడతాను. ప్రతి బస్తా మీద "విషం. కుక్కలు, పశువులు, కోళ్ళు తినకూడదు" అని ఎర్ర అక్షరాలతో రాయిస్తున్నాను. చల్లేటప్పుడు మీరు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ముతో కొందరికి ఆయాసం వస్తుంది. పల్లి చెక్కతో పాటు పొరపాటున బర్రెకు పెట్టకండి. ఇలా రాశాక అమ్మకం సగానికి తగ్గింది. తగ్గనీ.

ఈ దెబ్బ తర్వాత పొలమంతా కుక్క ఎత్తులో వంగి చూసుకుంటూ తిరిగాను. మనం మంచిదనుకునే పనుల్లోనే ఇంకొన్ని కనిపించాయి.

అగ్నిఅస్త్రం వండాక వడకట్టిన పిప్పి గట్టున పోస్తాం. అందులో పొగాకు ఉంటుంది, వెల్లుల్లి ఉంటుంది, రెండూ కుక్కకు పడవు. దశపర్ణిలో ఉమ్మెత్త వేసేవాళ్ళు ఇంకా జాగ్రత్త. పిప్పిని గుంత తీసి పూడ్చండి. చేప అమైనో డ్రమ్ముకు బిగుతు మూత లేకపోతే కుక్క దాన్ని ఎలాగైనా పడగొడుతుంది. ఒకసారి మా ఎర్రోడు దాని ప్లాస్టిక్ డబ్బాలో తల ఇరికించుకుని గుడ్డిగా పరుగెత్తి తీగ కంచెకు గుద్దుకున్నాడు. కత్తెరతో డబ్బా కోయాల్సి వచ్చింది.

ఆచ్ఛాదన గురించి చెప్పాలి. గడ్డి కప్పిన నేలలో తేమ ఉంటుంది, ఎలుకలు, కప్పలు చేరతాయి, వాటి కోసం పాము వస్తుంది. మన దగ్గర ఎక్కువ భయం రక్తపింజరితోనే. కుక్క వాసన చూస్తూ ముక్కు పెడుతుంది కాబట్టి కాటు మూతి మీద లేదా ముందుకాలి మీద పడుతుంది, వాపు వేగంగా పెరుగుతుంది. కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని తీసుకుపోండి. మనుషులకు ఇచ్చే పాము విషం విరుగుడు ఇంజెక్షనే కుక్కలకూ పనిచేస్తుంది. ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని పెట్టుకోండి.

ప్లాస్టిక్ షీటు వేసిన ఫారం పాండ్ ఇంకా మోసం. నీళ్ళు తాగడానికి దిగిన కుక్క ఆ జారుడు మీద పైకి రాలేదు, ఈది ఈది అలసిపోయి మునిగిపోతుంది. పిల్లలకైనా అంతే. ఒక మూలన పాత టైర్లు తాడుతో కట్టి నీళ్ళలోకి వదలండి, పైకొస కట్టెకు గట్టిగా బిగించండి. వీడియోలో చూపించింది అదే.

మక్కలు ఒలిచే రోజుల్లో బెండ్లు కల్లంలో గుట్టలుగా ఉంటాయి. కొన్ని కుక్కలు ఆ బెండును ముక్కలుగా కొరికి మింగుతాయి. అది అరగదు, పేగులో అడ్డం పడుతుంది. రోజంతా కక్కుతూ ఏం తినకుండా, విరేచనం ఆగిపోతే దీన్ని అనుమానించండి. ఆపరేషన్ చేస్తే తప్ప బయటికి రాకపోవచ్చు. మామిడి టెంకతోనూ ఇదే గొడవ.

మన చేతిలో లేనివి కూడా ఉన్నాయి. పందుల కోసం కొందరు పెట్టే కరెంటు తీగలు, ఎరలో దాచే నాటుబాంబులు. అవి చట్టప్రకారం నేరం, మనుషులు కూడా పోతున్నారు. తీగకు తగిలిన కుక్కను చూసి ఆత్రంగా పట్టుకోవద్దు, లైన్‌మన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆగాకే దగ్గరికి పోండి. రాత్రిపూట కుక్కను కట్టేసి ఉంచడం తప్ప దీనికి నాకు వేరే దారి దొరకలేదు. చేను మాత్రం మేమే వంతులవారీగా కాస్తున్నాం.

ఏదైనా తిన్నదని అనుమానం రాగానే ఉప్పు నీళ్ళు పట్టించే అలవాటు మన ఊళ్ళలో ఉంది. మానేయండి. కుక్కకు ఎక్కువ ఉప్పే ఒక విషం. పాలు, గుడ్లు, నూనె కూడా పోయవద్దు. ముఖ్యంగా ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్ తింటే పొట్టలో ఏం పడినా ఆమ్లం ఊరి విషవాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. ఎలుకల మందుల్లో ఇంకో రకం, బ్రోమాడియోలోన్, మూడు నాలుగు రోజుల తర్వాత నెత్తురు కారేలా చేస్తుంది. దానికి విటమిన్ కె1 అనే విరుగుడు ఉంది, పేరు తెలిస్తేనే ఇవ్వగలరు. అందుకే బస్తా ముక్కో, డబ్బా లేబులో, కక్కినదో ఒక కవర్లో వేసుకుని డాక్టరు దగ్గరికి పోండి. ఆ రోజు నేను చెక్క పిడికెడు తీసుకుపోయి ఉంటే మూడుసార్లు అడిగించుకునేవాణ్ణి కాదు. మన రాష్ట్రంలో 2017లో మొదలైన సంచార పశువైద్య వాహనాల నంబరు 1962, అవి ముఖ్యంగా పశువుల కోసం. కుక్కకైతే దగ్గర్లో చూసే డాక్టరు ఎవరో, రాత్రి ఫోన్ ఎత్తేది ఎవరో ముందే రాసి గోడకు అంటించుకోండి.

కాక కిందటి ఏడు ఒక పిల్లను తెచ్చుకున్నాడు. ఇప్పుడు చెక్క వేసే ముందురోజు నేను ఆయనకు ఫోన్ చేస్తాను. "ఏ మడి?" అని ఒక్క మాట అడుగుతాడు. చెప్తాను. పిల్లను మూడు రోజులు కట్టేస్తాడు. ఆయన మందు కొట్టే రోజు కూడా ఈ మధ్య నాకు ముందే చెప్తున్నాడు, ఎర్రోణ్ణి నేను కట్టేస్తాను. ఖాళీ డబ్బాలు మాత్రం ఇంకా గెట్టు మీదే ఉన్నాయి.