పాల కవర్లతో నానీమా అల్లే సంచి

నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ ఆ సన్న దారం అరవై దాటిన కళ్లకు కష్టం. చేతికి పని తెలుసు, చూపే సహకరించదు. అలాంటి పెద్దలకు రోజూ చెత్తలోకి పోయే పాల కవరే దారంగా పనికొస్తుంది.

ఖాళీ కవర్ని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. సరిగా కడక్కపోతే వాసనొస్తుంది, చీమలు పడతాయి. పైనా కిందా అతుకులు కత్తిరిస్తే గొట్టంలా మిగులుతుంది. దాన్ని వేలి వెడల్పున అడ్డంగా కోస్తే రింగులొస్తాయి. రబ్బరు బ్యాండ్లు కలిపినట్టు ఒకదాంట్లో ఒకటి దూర్చి లాగితే పొడవాటి దారం తయారు. ఇక లావుపాటి క్రోషే సూదితో మామూలు లేసు అల్లికే. కత్తెర పని మనవలకు అప్పజెప్పాలి. కీళ్లనొప్పులున్నవాళ్లకు అల్లడం కన్నా కత్తిరించడమే బాధ.

కూరగాయల సంచికి కవర్లు చాలానే పడతాయి, కొన్ని వారాలు కూడబెట్టాలి. ఖర్చంటే సూదికే.

ఒక్క జాగ్రత్త. దీన్ని చాపలా అల్లి వజూ చేసేచోట, బాత్రూం గుమ్మంలో వేయొద్దు. తడి నేల మీద ప్లాస్టిక్ జారుతుంది, ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచం పట్టినట్టే. అంచులు అతికించడానికి అగ్గిపుల్ల కూడా గీయొద్దు. ఆ పొగ మంచిది కాదు, వేళ్లూ కాలతాయి.