చవక షేరా? చచ్చు షేరా?



మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో చేరిన అన్నలు, అక్కలు ఈమధ్య షేర్లు కొంటున్నారు. నేను ఎం.కాం. చదువుతున్నానని తెలిసి చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ షేరు ఇరవై రూపాయలకే వస్తోంది, చవకే కదా, కొనొచ్చా?" మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. నెల జీతంలో మిగిలే రెండు మూడు వేలు పోతే ఆదుకోవడానికి వెనక పొలమో, ఇల్లో ఉండదు. అందుకే ఆ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ధర వేరు, విలువ వేరు

మన వేల్పూర్ ప్రాంతంవాళ్ళకు పసుపు సంగతి చెప్పనవసరం లేదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఒక కుప్పకు తక్కువ ధర పలికిందంటే వ్యాపారి వెంటనే ఎగబడి కొనడు. కొమ్మును కొమ్ముతో, మండను మండతో పోలుస్తాడు. విరిచి చూస్తాడు. తడి ఉందా, లోపల రంగు ఉందా అని పరీక్షిస్తాడు. అన్నీ బాగుండి ధర తక్కువైతేనే అది చవక. షేరుకూ ఇదే సూత్రం. షేరంటే కంపెనీలో ఒక చిన్న వాటా. ఆ వాటా ఎంత సంపాదిస్తోంది, దాని వెనక ఎంత ఆస్తి, ఎంత అప్పు ఉన్నాయన్నదే ముఖ్యం.

మూడు కంపెనీల లెక్క

క, చ, ట అని మూడు చక్కెర కంపెనీలున్నాయనుకుందాం. ఇవి ఊహించినవే. 'క' షేరు ధర 20 రూపాయలు, ఏడాదికి ఒక్కో షేరుపై లాభం 1 రూపాయి. 'చ' ధర 400, లాభం 50. 'ట' ధర 60, లాభం 12. ధరను లాభంతో భాగిస్తే వచ్చేదే పి/ఇ నిష్పత్తి. అంటే ఒక రూపాయి లాభం కోసం మనం ఎన్ని రూపాయలు పెడుతున్నామన్నమాట. 'క'కు 20, 'చ'కు 8, 'ట'కు 5. ఇరవై రూపాయల షేరే మూడింటిలోనూ ఖరీదైనదని తేలింది!

మరి 'ట' అన్నిటికన్నా చవకా? తొందరపడకండి, అప్పు చూడాలి. 'చ', 'ట' రెండింటికీ కోటి చొప్పున షేర్లున్నాయనుకోండి. 'ట' షేర్లన్నిటి విలువ 60 కోట్లు, అప్పు 240 కోట్లు. కంపెనీ మొత్తాన్ని కొనేవాడు అప్పును కూడా నెత్తిన వేసుకోవాలి కాబట్టి అసలు ఖరీదు 300 కోట్లు. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు దాని లాభం 50 కోట్లు. అంటే 6 రెట్లు. 'చ' షేర్ల విలువ 400 కోట్లు, అప్పు 80 కోట్లు, మొత్తం 480 కోట్లు. అదే రకం లాభం 96 కోట్లు. అంటే 5 రెట్లే. అప్పు కలిపి చూస్తే 'చ'యే చవక.

ఇప్పుడు చక్కెర ధర పడి ఆ లాభం సగమైందనుకోండి. 'ట'కు వచ్చేది 25 కోట్లు. నూటికి పది చొప్పున వడ్డీ 24 కోట్లు, తరుగుదల 10 కోట్లు పోతే 9 కోట్ల నష్టం. 'చ'కు వచ్చేది 48 కోట్లు. వడ్డీ 8, తరుగుదల 21 పోయినా పన్నుకు ముందు 19 కోట్లు మిగులుతాయి. మంచిరోజుల్లో ఒకేలా కనిపించే కంపెనీలు చెడ్డరోజుల్లో ఇలా విడిపోతాయి.

ఒకే జాతివేనా?

పోల్చే కంపెనీలు నిజంగా ఒకే పని చేస్తున్నాయో లేదో చూడాలి. తణుకు కేంద్రంగా ఉన్న ఆంధ్రా షుగర్స్ పేరులో చక్కెర ఉన్నా, కాస్టిక్ సోడా వంటి రసాయనాలే దానికి పెద్ద వ్యాపారం. ఇ.ఐ.డి. ప్యారీకి ఎరువుల కంపెనీ కోరమాండల్‌లో సగానికి పైగా వాటా ఉంది. వీటిని కేవలం చక్కెర తీసే కంపెనీతో పోలిస్తే లెక్క తప్పుతుంది. చెరకు ధర కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కేంద్రం ఎఫ్.ఆర్.పి. నిర్ణయిస్తుంది. ఉత్తరప్రదేశ్ వంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం రాష్ట్ర ప్రభుత్వం తన ధర వేరుగా ప్రకటిస్తుంది. టన్ను చెరకుకు ఎంత చక్కెర దిగుతుందన్న రికవరీ కూడా ప్రాంతాన్నిబట్టి మారుతుంది.

చక్కెరది ఎగుడుదిగుడు వ్యాపారం. లాభాలు శిఖరాన ఉన్న ఏడాది పి/ఇ తక్కువగా కనిపించి ఊరిస్తుంది. మరుసటి ఏడాది లాభం పడిపోతే అదే షేరు ఖరీదైనదవుతుంది. ప్రభుత్వ నిర్ణయం ఒక్కటి చాలు. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తయారీపై కేంద్రం ఆంక్షలు పెట్టగానే చక్కెర షేర్లు దిగజారాయి. కాబట్టి ఒక్క ఏడాది లాభం కాదు, ఐదారేళ్ళ సగటు చూడాలి.

బోధన్ పాఠం, సత్యం పాఠం

షేరు ధరను కంపెనీ పుస్తక విలువతోనూ పోలుస్తారు. ఆస్తిలోంచి అప్పు తీసేస్తే మిగిలేదే పుస్తక విలువ. కాని నడవని ఆస్తి అన్నం పెట్టదు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన బోధన్ నిజాం షుగర్స్‌ను చూడండి. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. విలువైన ఆస్తులను తక్కువకు ఇచ్చారని విమర్శలు వచ్చాయి, శాసనసభా కమిటీ కూడా విచారించింది. చివరికి 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. భూములు, యంత్రాలు ఉన్నాయి. కాని కార్మికుడికి జీతం లేదు, రైతు చెరకుకు గానుగ లేదు. ఆస్తి విలువ లెక్కగట్టేటప్పుడు అది పనిచేస్తోందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఇక అంకెలే అబద్ధమైతే? హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌ను ఇన్ఫోసిస్, విప్రోలతో పోల్చి కొన్నవాళ్ళెందరో. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని, 2008 సెప్టెంబరు త్రైమాసికంలో 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతమేనని ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే 179 రూపాయల షేరు 40కి పడింది. పోలిక ఎంత బాగా చేసినా అంకెలు నిజమైతేనే ఫలితం.

గుర్తుంచుకోవలసినవి

1. షేరు ధర కాదు, పి/ఇ చూడండి. అదే వ్యాపారంలోని నాలుగైదు కంపెనీలతో పోల్చండి.
2. అప్పు, వడ్డీ కలిపి మళ్ళీ లెక్కవేయండి.
3. ఐదారేళ్ళ లాభాలు చూడండి.
4. లాభం కాగితం మీదేనా, నగదుగా వస్తోందా అన్నది వార్షిక నివేదికలో చదవండి. ఆడిటర్ అభ్యంతరాలు తప్పక చూడండి.
5. ఇన్ని చూశాక కూడా "ఇది ఎందుకు చవక?" అన్న ప్రశ్నకు జవాబు దొరక్కపోతే కొనకండి.
6. అప్పు తెచ్చి, ఫీజుకు దాచిన డబ్బు తీసి షేర్లు కొనవద్దు.

2001లో మన వేల్పూర్ మండలం పిల్లలందరినీ పనిమాన్పించి బడికి పంపి, బాలకార్మికులు లేని మండలంగా పేరు తెచ్చుకుంది. ఆ అక్షరాలు పరీక్షలకే పరిమితం కాకూడదు. మన కష్టార్జితాన్ని ఎవరో చెప్పిన మాట నమ్మి పోగొట్టుకోకుండా, కంపెనీ లెక్కలు మనమే చదివి మనమే తేల్చుకునే స్థితికి రావాలి. హాస్టల్ లైబ్రరీకి వచ్చే పత్రికలో వాణిజ్య పుటను రోజూ పది నిమిషాలు చదవడంతో మొదలుపెట్టండి.