మూత్రంలో మంట... ప్రతిదీ ‘వేడి’ కాదు!

ఎండలు ముదిరే కొద్దీ మా ఓపీలో ఒక మాట ఎక్కువగా వినిపిస్తుంది. ‘‘వేడి చేసిందండి డాక్టరు గారూ, మూత్రం మంటగా వస్తోంది’’. మినుము తీతకు వెళ్లొచ్చిన కూలీ తల్లి, తెనాలి నుంచి రేపల్లె రైల్లో రోజూ బడికి వెళ్లొచ్చే టీచరమ్మ, బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి, అరవై దాటిన రిటైర్డ్ ఉద్యోగి... అందరిదీ అదే మాట. కానీ ఈ నలుగురికీ నాలుగు వేర్వేరు సమస్యలు ఉండొచ్చు. మందు కూడా వేర్వేరే. ఏది ఏదో తెలుసుకోకపోతే మామూలు ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకవచ్చు. లేదంటే ఇన్ఫెక్షనే లేనివారు అనవసరంగా యాంటీబయాటిక్స్ మింగాల్సి వస్తుంది.

నిజంగా ‘వేడి’ అయితే...

చెమట ఎక్కువ పట్టి, నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడుతుంది. ముదురు పసుపు రంగులో, కాస్త మంటగా వస్తుంది. మనవాళ్లు వేడి అనేది చాలాసార్లు దీన్నే. నీళ్లు, మజ్జిగ బాగా తాగితే ఆ పూటకో, మర్నాటికో మూత్రం తేటపడి మంట పోతుంది. సబ్జా నీళ్లు, బార్లీ, కొబ్బరినీళ్లు తాగడం తప్పేమీ కాదు. వాటిలో ప్రధానంగా పనిచేసేది నీరే. మూత్రం తేటగా వస్తున్నా మంట తగ్గలేదంటే మాత్రం అది వేడి కాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు నీళ్లు ఎంత తాగాలో వైద్యుల్ని అడిగి తాగాలి.

ఇన్ఫెక్షన్ ఎలా ఉంటుంది?

మూత్రకోశ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణం ఇ.కోలి. మన పేగుల్లోనే ఉండే బ్యాక్టీరియా ఇది. అక్కడి నుంచి మూత్రమార్గంలోకి చేరుతుంది. మహిళల్లో ఈ మార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవారిలో 20 దాకా ఉంటుంది. ఆడవారిలో ఇన్ఫెక్షన్లు ఎక్కువ కావడానికి ముఖ్య కారణం ఇదే. శుభ్రత లేకపోవడం వల్లే వచ్చిందని ఇంట్లోవాళ్లు నిందించడం సరికాదు.

లక్షణాలు: మూత్రం పోసేటప్పుడు మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మబ్బుగా లేదా ఎర్రగా రావడం. మంట, మాటిమాటికీ వెళ్లడం రెండూ ఉండి, తెల్లబట్ట, దురద లేకపోతే అది ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం 90 శాతం పైనే.

ఇలాగే కనిపించేవి వేరే ఉన్నాయి

యోని ఇన్ఫెక్షన్: దీనిలో మంట లోపల కాదు, బయట. మూత్రం చర్మానికి తగిలినప్పుడు మండుతుంది. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, లేదా వాసన ఉంటాయి. మూత్రకోశ ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే యాంటీబయాటిక్ వాడితే ఇది తగ్గకపోగా ఫంగస్ ఇంకా పెరగొచ్చు.

మధుమేహం: ఎన్నిసార్లు వెళ్తున్నారన్నదే కాదు, ఎంత వస్తోందో చూడండి. ఇన్ఫెక్షన్‌లో ప్రతిసారీ కొంచెమే వస్తుంది. షుగర్ ఎక్కువైతే వెళ్లిన ప్రతిసారీ ఎక్కువగా వస్తుంది, దాహం వేస్తుంది, మంట ఉండదు.

కిడ్నీలో రాయి: నడుము పక్క నుంచి గజ్జల్లోకి మెలిపెట్టే నొప్పి అలలు అలలుగా వస్తుంది. మనిషి ఒకచోట పడుకోలేడు, కూర్చోలేడు. రాయి నొప్పికి జ్వరం తోడైతే అది అత్యవసరం.

ప్రోస్టేట్ వాపు: యాభై దాటిన మగవారిలో ధార సన్నబడుతుంది, మొదలవడానికి సమయం పడుతుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి. మూత్రం పూర్తిగా రాక లోపల నిలిచిపోతే ఇన్ఫెక్షన్ కూడా తోడవుతుంది.

మెనోపాజ్ తర్వాత: హార్మోన్ తగ్గి లోపలి పొర పలచబడి, పొడిబారి మంట రావచ్చు. పరీక్షల్లో సూక్ష్మజీవులేమీ కనిపించవు. దీనికి వేరే చికిత్స ఉంది.

లైంగిక సంక్రమణ వ్యాధులు: మూత్రమార్గం నుంచి చీములా కారుతుంటే సిగ్గుపడకుండా చెప్పండి. భార్యాభర్తలిద్దరికీ చికిత్స అవసరం.

క్షయ: రిపోర్టులో మళ్లీమళ్లీ చీము కణాలు కనిపిస్తున్నా కల్చర్‌లో ఏమీ పెరగడం లేదంటే కిడ్నీ టీబీని అనుమానించాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మరీ.

నేను చేసిన పొరపాటు

ఇది ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల మాట. చుట్ట అలవాటున్న ఒక పెద్దాయన మూత్రంలో రక్తం పడుతోందని వచ్చారు. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఇన్ఫెక్షనే అనుకుని యాంటీబయాటిక్ రాశాను. రక్తం ఆగింది. రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చారు, మళ్లీ అదే రాశాను. మళ్లీ ఆగింది. ‘‘మీ మందు బాగా పనిచేసిందండి’’ అన్నారాయన. మూడోసారి స్కానింగ్ చేయిస్తే మూత్రాశయంలో కణితి. అది ఆగి ఆగి రక్తం కార్చే జబ్బు. ఆగింది దానంతటదే, నా మందు వల్ల కాదు. ఆపరేషన్‌తో ఆయన బయటపడ్డారు గానీ, పోయిన ఆ నెలలు నా పొరపాటే. అప్పటినుంచి నొప్పిలేకుండా రక్తం పడిందని ఎవరు చెప్పినా, ఒక్కసారే అయినా, ఆగిపోయినా, స్కానింగ్ రాయకుండా పంపను. మీరూ అడిగి చేయించుకోండి.

మెడికల్ షాపు మాత్రలు వద్దు

మొదట చెప్పిన టీచరమ్మలాంటివారు చాలామంది కనిపిస్తారు. బడిలో బాత్రూమ్ బాగుండదని ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. మంట మొదలైతే షాపులో నాలుగు మాత్రలు, ఒక సిరప్ తెచ్చుకుంటారు. సిరప్ మంటను తగ్గిస్తుందే తప్ప బ్యాక్టీరియాను చంపదు. షాపుల్లో ఎక్కువగా ఇచ్చే సిప్రోఫ్లోక్సాసిన్ తరహా మందులకు మన దేశంలోని ఇ.కోలి చాలావరకు మొండికేసింది. మంట తగ్గిందనుకున్న నాలుగో రోజు రాత్రి వణుకుతో జ్వరం, నడుము పక్క నొప్పి, వాంతులతో ఆసుపత్రికి వస్తారు. అప్పటికి ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉంటుంది. అయిదు రోజుల మాత్రలతో పోయేది ఇంజెక్షన్లు, సెలైన్ల దాకా వెళ్తుంది.

పరీక్షకు ఇలా ఇవ్వండి

మూత్ర పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. కల్చర్ చేయిస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే చేయించాలి. రెండు మాత్రలు పడ్డా ఫలితం తారుమారు కావచ్చు. ఇంట్లోని పాత టానిక్ సీసా వద్దు, ల్యాబ్ ఇచ్చే డబ్బానే వాడండి. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచండి. ఏ బాధా లేకుండా రిపోర్టులో కొద్దిగా చీము కణాలు కనిపించాయని మందులు అడగవద్దు. గర్భిణులకు మాత్రం ఈ నియమం వర్తించదు. వారికి బాధ లేకపోయినా కల్చర్‌లో బ్యాక్టీరియా పెరిగితే చికిత్స చేయాల్సిందే.

ఒక్కరోజు కూడా ఆగకూడనివారు

గర్భిణులు, షుగర్ ఉన్నవారు, మగవారు, పిల్లలు మంట అనగానే వైద్యుల దగ్గరికి రావాలి. రెండేళ్లలోపు పిల్లలు మంట అని చెప్పలేరు. దగ్గు, జలుబు లేకుండా జ్వరం వస్తుంటే మూత్ర పరీక్ష చేయించండి. చలితో జ్వరం, నడుము పక్క నొప్పి, వాంతులు, మూత్రం ఆగిపోవడం, మగతగా ఉండటం... వీటిలో ఏదున్నా రాత్రయినా సరే ఆసుపత్రికి బయల్దేరండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే...

నీళ్లు తక్కువ తాగే మహిళలు రోజుకు మరో లీటరున్నర అదనంగా తాగితే ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గినట్టు 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. మూత్రం ఆపుకోవద్దు. కలయిక తర్వాత మూత్రవిసర్జన చేయడం మంచిది. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. షుగర్ అదుపులో ఉంచుకోవాలి.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక మాట. కోడలో, కూతురో మంటగా ఉందని చెప్పాలంటే ఎంతో బిడియపడి చెబుతుంది. అప్పుడు ‘వేడిలే, మజ్జిగ తాగు’ అని సరిపెట్టకండి. మజ్జిగ ఇవ్వండి. మర్నాడు పొద్దున్నే ‘తగ్గిందా?’ అని అడగండి. తగ్గలేదంటే వెంటబెట్టుకుని ఆసుపత్రికి రండి.

- వ్యాసకర్త ప్రభుత్వాసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ