శిబిరంలో ఒక అంకె, ఆసుపత్రిలో ఇంకో అంకె

నీటికాసులకు (గ్లాకోమా) రోజూ చుక్కలు వేసుకునే పెద్దాయన, కంటి శిబిరంలో ఒత్తిడి 16 అన్నారని మందు మానేస్తే? బాగేపల్లిలోనైనా చింతామణిలోనైనా మా భయం ఇదే.

శిబిరాల్లో ఎక్కువగా వాడేది కంటి మీదికి గాలి ఊదే యంత్రం. కంటిని తాకదు, మత్తు చుక్కలు అక్కర్లేదు. కానీ నాడి కొట్టుకునే కొద్దీ అంకె మారుతుంది, అందుకే మూడుసార్లు ఊది సగటు తీస్తారు. ఆసుపత్రిలో మత్తు చుక్కలు, పసుపు రంగు వేసి, నీలి వెలుతురులో నల్లగుడ్డును మెల్లగా తాకి కొలుస్తారు. 1950ల్లో స్విట్జర్లాండ్ డాక్టరు గోల్డ్‌మన్ తెచ్చిన ఈ పద్ధతే నేటికీ ప్రమాణం.

ఒత్తిడి 10–21 మధ్య ఉండే ఆరోగ్యమైన కళ్ళలో రెండూ దగ్గరదగ్గరగానే చెబుతాయి. నీటికాసులతో ఒత్తిడి పెరిగిన కళ్ళలోనే తేడా ఎక్కువ. నల్లగుడ్డు పైపొర పలచనైతే రెండూ తక్కువ చూపిస్తాయి, మందమైతే ఎక్కువ.

అంకె బాగుంటే జబ్బు లేదని కూడా అనుకోలేం. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ చేసిన సర్వే 2000లో అచ్చయింది. అందులో తెరిచిన కోణం రకం నీటికాసులు తేలినవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి ఒత్తిడి 22 లోపే. కంటి వెనక నరం చూడందే తేలదు.

చీటీలో అంకె పక్కన ఏ యంత్రం, ఎన్ని గంటలకు అన్నది రాయించుకోండి. ఒత్తిడి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. చుక్కలు ఆపమనాల్సింది మీ డాక్టరే.